తిక్కన వెంట తిరిగి వెళ్ళినవాళ్ళు ఎంతమంది?

కనిగిరిలో నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు స్కూలు వార్షికోత్సవానికి ఖడ్గతిక్కన నాటిక వేశాం. తిక్కన వేషం నాది. అట్టకు వెండి కాగితం అంటించిన కత్తి, మా అమ్మ పట్టుచీర చుట్టిన తలపాగా. స్టేజి మీద నులక మంచం నిలబెట్టి, దాని మీద చీర ఆరేసి, వెనకాల బిందెడు నీళ్ళు, పళ్ళెంలో పసుపు ముద్ద పెట్టారు. ఆ సీనుకే మా తెలుగు మాస్టారు అన్నిటికన్నా ఎక్కువ రిహార్సల్స్ చేయించారు. తిక్కన భార్య వేషం వేసిన కుర్రాడు చెయ్యి చాచి ఆ మంచం చాటు చూపించగానే జనం ఈలలు, చప్పట్లు. ఆ చప్పట్ల మధ్యలో, ముందు వరసలో కూర్చున్న మా పెదనాయన లేచి వెళ్ళిపోవడం నేను స్టేజి మీద నుంచే చూశాను.

పెదనాయన మిలిటరీలో పనిచేసి వచ్చిన మనిషి. నా వేషం చూసి అందరికన్నా ఆయనే సంతోషిస్తాడనుకున్నాను. ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. నాలుగైదు రోజుల తర్వాత, బర్రెలకు జొన్న చొప్ప వేస్తూ అడిగాడు.

"అబ్బయ్యా, మీ నాటకంలో ఆయన మళ్ళీ యుద్ధానికి పోయినాడు గదా. ఆయన వెంట ఎంతమంది పోయినారు?"

"తెలీదు పెదనాయనా."

"పద్యాల్లో లేదా?"

"లేదు."

"వాళ్ళ పెళ్ళాలు గూడా మంచం అడ్డం పెట్టినారంటావా?"

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆయన ఎందుకు అడుగుతున్నాడో అర్థం కాలేదు. ఇప్పుడు యాభై దాటాయి. యుద్ధాల గురించి, సేనానుల గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చాను. చదివినకొద్దీ ఆ చొప్ప మోపు దగ్గర ఆయన అడిగిన ప్రశ్నకన్నా పెద్ద ప్రశ్న నాకు ఎక్కడా ఎదురు కాలేదు.

మా వైపు వాళ్ళకు ఆ కథ కొత్తది కాదు. బయటి వాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. 13వ శతాబ్దంలో నెల్లూరు ఏలిన మనుమసిద్ధికి సేనాని ఖడ్గతిక్కన. గొల్లల నాయకుడు కాటమరాజు కరువు కాలంలో తన ఆవుల మందలను నెల్లూరు రాజు బీళ్ళలోకి తోలుకొచ్చాడు. పుల్లరి, అంటే మేత పన్ను కింద కోడెదూడలు ఇచ్చేట్టు ఒప్పందం. చివరికి ఆ పుల్లరి దగ్గరే మాట చెడింది. పాలేరు ఒడ్డున పంచలింగాల దగ్గర యుద్ధం జరిగింది. తిక్కన దెబ్బతిని ఇంటికి వచ్చాడు. భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు తోడి, ఆడవాళ్ళకు పెట్టినట్టు మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద ఉంచింది. ఇదేమిటని అడిగితే, ఇదివరకు ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం, ఇప్పుడు ముగ్గురం అయ్యాం, సిగ్గెందుకు అంది. తల్లి అన్నంలోకి విరిగిన పాలు పోసింది. నువ్వు విరిగి వచ్చావు, పాలూ విరిగాయి అంది. తిక్కన అప్పటికప్పుడు కత్తి పట్టుకుని తిరిగి వెళ్ళి, పోరాడి చచ్చిపోయాడు.

ఆ చాటుపద్యాలు ఎంత బాగుంటాయో నాకు తెలుసు. ఇప్పటికీ నోటికి వస్తాయి. కాటమరాజు వైపు నుంచి ఈ కథను కొమ్ములవాళ్ళు పాడతారు, అందులోనూ తిక్కన వీరుడే. ఆయన వీరత్వం మీద నాకు ఏ అనుమానమూ లేదు. నా గొడవ ఆ మంచంతో, ఆ పసుపు ముద్దతో. దాన్ని మనం ఏడు వందల ఏళ్ళుగా పిల్లలకు నేర్పుతూ వస్తున్నాం. సేనాని అన్నవాడు ఎత్తిపొడుపు వినగానే కత్తి తీయాలి, అదే మగతనం, అదే నాయకత్వం అని. పెద్ద సైన్యాన్ని నడిపేవాడిలో నేను మొట్టమొదట చూసే గుణం దీనికి సరిగ్గా ఎదురుది. ఎత్తిపొడుపును మింగి కూర్చోగలడా లేదా? గెలుపోటముల లెక్క నాకు ఆ తర్వాతే. ఎందుకంటే సేనాని రోషానికి అయ్యే ఖర్చు సేనాని ఒక్కడే కట్టడు.

ఇప్పుడు నేనుండే నెల్లూరులో, సరిహద్దులో ఏదైనా జరిగినప్పుడల్లా ట్రంకు రోడ్డు టీ కొట్టు దగ్గర ఒకటే మాట వింటాను. ఇంకా ఎందుకు ఆగుతున్నారు, గాజులు తొడుక్కున్నారా అని. ఆ గాజులు ఎక్కడివో నాకు తెలుసు. చానమ్మ పళ్ళెంలోవే.

రెండో ప్రపంచ యుద్ధంలో స్టాలిన్‌గ్రాడ్ గురించి చదువుతుంటే ఒకచోట నాకు ఆ నులక మంచం కళ్ళ ముందుకు వచ్చింది. 1942 నవంబర్‌లో రష్యా సేనలు రెండు వైపుల నుంచీ వచ్చి జర్మనీ ఆరో సైన్యాన్ని చుట్టుముట్టాయి. లోపల చిక్కినవాళ్ళు రెండున్నర లక్షలకు పైనే. సేనాని పౌలుస్ వెనక్కి చీల్చుకు వస్తానని అనుమతి అడిగాడు. హిట్లర్ కాదన్నాడు. విమానాల్లో తిండి, మందుగుండు పంపిస్తామని వైమానిక దళాధిపతి గోరింగ్ మాటిచ్చాడు. రోజుకు కనీసం 300 టన్నులు కావాల్సిన చోట సగటున సుమారు 100 టన్నులు వచ్చాయి. డిసెంబర్‌లో ఇంకో జర్మన్ సేనాని మాన్‌స్టైన్ బయటి నుంచి తోసుకుంటూ దాదాపు 50 కిలోమీటర్ల దూరం దాకా వచ్చాడు. అప్పటికీ పౌలుస్ పై నుంచి ఆజ్ఞ లేదని కదల్లేదు. మంచులో గుర్రాలను కోసుకు తింటూ మనుషులు పడిపోతున్నారు.

1943 జనవరి 30న హిట్లర్ అతనికి ఫీల్డ్ మార్షల్ పదవి ఇచ్చాడు. పదవి అంటే గౌరవం అనుకుంటాం. అప్పటిదాకా జర్మన్ ఫీల్డ్ మార్షల్ ఒక్కడు కూడా శత్రువుకు లొంగిపోలేదు. లొంగకుండా చచ్చిపో అని చెప్పడానికే ఆ పదవి. మంచం అడ్డం పెట్టి పసుపు ముద్ద పెట్టడానికీ, మార్షల్ దండం పంపడానికీ నాకు తేడా కనబడదు. పౌలుస్ మర్నాడే లొంగిపోయాడు. ఆ ఒక్క పని రెండు నెలల ముందు చేయాల్సిన ధైర్యం అతనికి లేకపోయింది. ఖైదీలుగా చిక్కిన 91 వేల మందిలో తిరిగి ఇల్లు చేరినవాళ్ళు ఐదారు వేలు. వాళ్ళు చేసిన యుద్ధం అన్యాయపు యుద్ధం, దాని మీద నాకు జాలి లేదు. కానీ పౌలుస్ పెద్ద చదువరి, తెలివైన స్టాఫ్ ఆఫీసర్. లెక్కలన్నీ తెలిసినవాడు. పైవాడికి ఎదురు చెప్పడం ఒక్కటే తెలియలేదు.

నెల్లూరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో తిక్కన దగ్గరకు పోవాలి. కవి తిక్కన, మనం తిక్కన సోమయాజి అనే ఆయన, ఖడ్గతిక్కనకు బాబాయి కొడుకు. ఒకే ఇంటి మనుషులు. యుద్ధం ఆ ఇంటికి బయటి సంగతి కాదు. మనుమసిద్ధి గద్దె పోగొట్టుకున్నప్పుడు ఈయనే ఓరుగల్లు వెళ్ళి గణపతిదేవుడితో మాట్లాడి, సాయం తెచ్చి, రాజును మళ్ళీ నిలబెట్టాడని చెబుతారు. అలాంటి మనిషి విరాటపర్వం నుంచి చివరిదాకా 15 పర్వాలు తెలుగు చేశాడు. పెన్న ఒడ్డున రంగనాయకులస్వామి గుడి దగ్గర నిలబడినప్పుడల్లా నాకు అదే ఆలోచన. మహాభారతంలో యుద్ధమంతా మనకు చెప్పింది యుద్ధం ఇంట్లో చూసినవాడు.

ఆయన ఎక్కడ మొదలుపెట్టాడో చూడండి. విరాటపర్వం. అక్కడా ఆవుల మందల కోసమే యుద్ధం. అందులో ఉత్తరుడు కౌరవ సేనను చూసి రథం దిగి పరుగెత్తుతాడు. బృహన్నల వేషంలో ఉన్న అర్జునుడు వెంటపడి పట్టుకుంటాడు. పట్టుకుని ఏం చేశాడు? మగాడివేనా అని నలుగురిలో నిలబెట్టలేదు. ధైర్యం చెప్పి, నువ్వు రథం తోలు, యుద్ధం నేను చేస్తా అన్నాడు. భయపడ్డ కుర్రాడికి చేతనయ్యే పని అప్పజెప్పాడు. ఆ కుర్రాడే తిరిగొచ్చేసరికి మనిషయ్యాడు. సైన్యాన్ని నడపడంలో ఇంతకన్నా పెద్ద పాఠం నాకు తెలియదు.

కురుక్షేత్రంలో కౌరవులకు 11 అక్షౌహిణులు, పాండవులకు 7. కౌరవులకు సేనానులు నలుగురు మారారు. భీష్ముడు 10 రోజులు, ద్రోణుడు 5, కర్ణుడు 2, శల్యుడు ఒక పూట. పాండవుల వైపు చివరిదాకా ధృష్టద్యుమ్నుడు ఒక్కడే. భీష్ముడికన్నా ధృష్టద్యుమ్నుడు గొప్ప వీరుడని ఎవరూ అనరు. కానీ అతన్ని రోజూ రాత్రి గుడారానికి వచ్చి దెప్పినవాడు లేడు. భీష్ముడికి, ద్రోణుడికి దుర్యోధనుడు ఉన్నాడు. నీకు పాండవుల మీద ప్రేమ, మనసు పెట్టి కొట్టడం లేదు, తప్పుకుంటే కర్ణుడు చూసుకుంటాడు అని భీష్ముణ్ణి అన్నాడు. సైంధవుడు చచ్చిన 14వ రోజు సాయంత్రం ద్రోణుణ్ణి అన్నాడు. ద్రోణుడికి రోషం వచ్చింది. చీకటి పడినా యుద్ధం ఆపలేదు. దివిటీలు పట్టుకుని అర్ధరాత్రి దాకా కొట్టుకున్నారు. ఘటోత్కచుడు పోయింది ఆ రాత్రే. పేరు లేని కాల్బలం ఎంత పోయిందో అడగొద్దు.

ఆ రాత్రే ఇంకోటి జరుగుతుంది. మనుషులు నిలబడ్డ చోటే నిద్రతో తూలిపోతున్నారు. ఎవరు ఎవరిని నరుకుతున్నారో తెలియడం లేదు. అప్పుడు అర్జునుడు గట్టిగా చెబుతాడు, చంద్రుడు వచ్చేదాకా అందరూ పడుకోండి, తర్వాత చూసుకుందాం అని. రెండు వైపుల సైన్యాలూ అతన్ని దీవించి, ఏనుగుల మీదా గుర్రాల మీదా నేల మీదా ఎక్కడివాళ్ళక్కడ నిద్రపోయాయి. గాండీవం గురించి ఎన్నిసార్లు చదివినా రాని గౌరవం ఈ ఒక్క చోట నాకు అర్జునుడి మీద వస్తుంది. శత్రువు సైన్యం కూడా దీవించిన ఆజ్ఞ అది.

ఎత్తిపొడుపు మింగిన సేనానులు చరిత్రలో లేకపోలేదు. రోమ్ మీదికి కార్తేజ్ సేనాని హానిబాల్ వచ్చినప్పుడు రోమన్ సేనాని ఫాబియస్ ఎదురు యుద్ధం చేయకుండా వెంట తిరుగుతూ విసిగించాడు. అతనికి జాగుచేసేవాడు అని పేరు పెట్టారు, అది తిట్టే. తర్వాతి సేనానులు తాడోపేడో తేలుద్దామని క్రీస్తుపూర్వం 216లో కానే దగ్గర దిగారు. ఒక్కరోజులో సుమారు 50 వేల మంది రోమన్లు పోయారు. ఆ తిట్టు ఆ తర్వాత బిరుదయింది.

నాకు ఫాబియస్ కన్నా లార్డ్ గోర్ట్ దగ్గర. ఈయన పేరు మనవాళ్ళకు పెద్దగా తెలియదు. 1940లో ఫ్రాన్స్‌లో ఉన్న బ్రిటిష్ సేనకు అధిపతి. మొదటి ప్రపంచ యుద్ధంలో స్వయంగా చూపిన తెగువకు విక్టోరియా క్రాస్ తీసుకున్నవాడు. అంటే తన ధైర్యం గురించి ఎవరికీ రుజువు చూపించాల్సిన అవసరం లేనివాడు. మే 25 సాయంత్రానికి పరిస్థితి ఇదీ: ఫ్రెంచివాళ్ళతో కలిసి దక్షిణం వైపు దాడి చేయాలని ఆజ్ఞ ఉంది, ఉత్తరాన బెల్జియం సేన చీలిపోయి ఖాళీ ఏర్పడుతోంది. గోర్ట్ లండన్‌ను అడగలేదు. దాడికని ఉంచిన రెండు డివిజన్లను ఆ ఖాళీలోకి పంపేశాడు. దాంతో సముద్రం దాకా దారి మిగిలింది. డన్‌కర్క్ రేవు నుంచి మే 26, జూన్ 4 మధ్య 3,38,226 మంది ఒడ్డు దాటారు. ఇంగ్లండుకు ఆ తర్వాత యుద్ధం చేయడానికి సైన్యమంటూ మిగిలింది ఆ సాయంత్రం వల్ల. గోర్ట్‌కు మళ్ళీ రణరంగంలో సైన్యం ఇవ్వలేదు. ఎక్కడెక్కడో గవర్నర్‌గా పంపారు. అవమానం ఆయన మీద పడింది, ప్రాణాలు వాళ్ళకు మిగిలాయి. తిక్కన కథలో ఇది తలకిందులుగా జరిగింది.

ఇక పెదనాయన సంగతి చెప్పాలి. ఇన్నాళ్ళూ రాయలేదు. ఆయన పోయాక కూడా రాయబుద్ధి కాలేదు.

ఆయన ఇంజనీర్ల దళంలో సాపర్. 1962లో ఇరవై రెండేళ్ళు. అప్పట్లో నేఫా అనేవారు, ఇప్పటి అరుణాచల్. ఆ కొండల్లో రోడ్డు పని. ఆ సంవత్సరం మన దేశంలో ఏం జరిగిందో తెలిసిందే. పార్లమెంటులో, పేపర్లలో రోజూ ఎత్తిపొడుపులే. అక్టోబర్ 12న నెహ్రూ సిలోన్ వెళుతూ, చైనావాళ్ళను మన నేల మీద నుంచి వెళ్ళగొట్టమని సైన్యానికి చెప్పామని విలేఖరులతో అన్నారు. కింద కొండల్లో పరిస్థితి చూసినవాళ్ళు, అది కుదరదని చెప్పినవాళ్ళు ఉన్నారు. 7వ బ్రిగేడును నామ్కా చూ వాగు ఒడ్డున, ఎత్తంతా శత్రువుకు వదిలి, పల్లంలో కూర్చోబెట్టారు. నూలు బట్టలు, చాలీచాలని తూటాలు. దాని అధిపతి దళ్వీ ఆ చోటు నుంచి వెనక్కి తీయమని మొత్తుకున్నాడు. పైనున్న కోర్ కమాండర్ కౌల్ జబ్బుపడి ఢిల్లీలో మంచం మీద నుంచి ఆజ్ఞలు పంపాడు. అక్టోబర్ 20 తెల్లవారుజామున దాడి మొదలైంది. కొన్ని గంటల్లో బ్రిగేడ్ లేదు. దళ్వీ ఖైదీ అయ్యాడు.

నవంబర్‌లో సేలా కనుమ, బొమ్డిలా కూడా పోయాయి. పెదనాయన అప్పుడు ఆ రోడ్డు మీదే. ఆయన నాకు ఒకేసారి చెప్పాడు ఇది, నేను డిగ్రీలో ఉండగా. "వెనక్కి రమ్మని చెప్పేవాడు గూడా లేడబ్బయ్యా. ఉండమనీ చెప్పలా, పొమ్మనీ చెప్పలా. ఆఫీసరు ఏడుండాడో ఎవురికీ తెలీదు. రాత్రి చూస్తే రోడ్డు మీద మనుషులు నడిచిపోతా ఉండారు. మేమూ నడిచినాం." అడవుల్లో పడి, ఆకులూ దుంపలూ తిని, పదకొండు రోజులకు అస్సాం మైదానంలోకి దిగారు. ఆయనతో బయల్దేరిన తొమ్మిది మందిలో చేరింది ఆరుగురు.

అందుకని నేను వెనక్కి రావడమే గొప్ప అనడం లేదు. సేలాలో గట్టి స్థానం ఉంది, సరుకు ఉంది, నిలబడాల్సిందని చదివినవాళ్ళంతా అంటారు. నేనూ ఒప్పుకుంటాను. వెనక్కి రావడం సైన్యానికి అన్నిటికన్నా కష్టమైన పని, దానికి ముందుండి నడిపేవాడు ఇంకా ఎక్కువ కావాలి. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1942లో బర్మా నుంచి బ్రిటిష్ సేనాని స్లిమ్ తన సైన్యాన్ని సుమారు 900 మైళ్ళు వెనక్కి నడిపించాడు. వానలు మొదలయ్యేసరికి ఇంఫాల్ చేర్చాడు. చివరి దళాలు వస్తుంటే రోడ్డు పక్కన నిలబడి చూశాడు. ఎముకల గూళ్ళలా ఉన్నారు, చినిగిన బట్టలు, కానీ తుపాకులు వదల్లేదు, వరస తప్పలేదు. ఆ మనిషే రెండేళ్ళ తర్వాత ఇంఫాల్, కోహిమాల దగ్గర జపాన్‌ను విరిచి, 1945లో రంగూన్ తిరిగి తీసుకున్నాడు. ఓడి వచ్చినప్పుడు ఎవరైనా అతనికి పసుపు ముద్ద పెట్టి ఉంటే రంగూన్ ఎవరు తెచ్చేవాళ్ళు?

లడఖ్‌లోని రెజాంగ్ లా మాటేమిటి అంటారు. 1962 నవంబర్ 18న మేజర్ షైతాన్ సింగ్, ఆయన కుమావూన్ కంపెనీ సుమారు 120 మందిలో 114 మంది, కదలకుండా పోరాడి అక్కడే పోయారు. వాళ్ళ ముందు నేను చేతులు కట్టుకుని నిలబడతాను. వాళ్ళు చుషూల్‌కు అడ్డంగా నిలబడ్డారు, మేజర్ వాళ్ళతోనే ఉన్నాడు, వాళ్ళతోనే పోయాడు. అది ఎవరినో మెప్పించడానికి ఢిల్లీ నుంచి వచ్చిన రోషం కాదు.

ఇంకో మాట కూడా న్యాయమైనదే. ఆగడం అనే పేరుతో కూర్చునేవాళ్ళూ ఉంటారు. అమెరికా అంతర్యుద్ధంలో మెక్‌లెల్లన్ ఉన్నాడు. సైన్యాన్ని తయారు చేయడంలో అతన్ని మించినవాడు లేడు, కదలమంటే మాత్రం ఇంకా మంది కావాలి, ఇంకా రోజులు కావాలి. 1862 సెప్టెంబర్‌లో ఆంటీటమ్ దగ్గర శత్రు సేనాని లీ చిక్కినప్పుడు కూడా వెంటపడలేదు. లింకన్ రెండు నెలలు చూసి తీసేశాడు, మంచి పని చేశాడు. మరి ఆగేవాడికీ జంకేవాడికీ తేడా ఎలా తెలుస్తుంది? ఆగిన రోజుల్లో ఏం చేశాడో చూస్తే తెలుస్తుంది.

మన సైన్యాధిపతి మానెక్‌షానే చూడండి. 1971 ఏప్రిల్‌లో తూర్పు బెంగాల్ నుంచి కాందిశీకులు లక్షల్లో వస్తున్నారు. దేశమంతా ఆవేశంగా ఉంది. అప్పుడే సైన్యాన్ని పంపమని మంత్రివర్గం అడిగినప్పుడు ఆయన కుదరదన్నారట. వానలు వస్తే తూర్పు బెంగాల్ నదులు సముద్రాలవుతాయి, కోతల కాలంలో రోడ్లూ రైళ్ళూ ధాన్యానికి కావాలి, కనుమలు మంచుతో మూసుకుంటే గానీ చైనా భయం తీరదు, ట్యాంకులు సిద్ధంగా లేవు. అవసరమైతే రాజీనామా ఇస్తానని కూడా ఇందిరా గాంధీకి చెప్పానని తర్వాత ఆయనే సభల్లో చెప్పారు. ఆమె విని ఊరుకోవడం కూడా నాయకత్వమే, ఆ సంగతి మనం మరిచిపోతాం. ఆ ఎనిమిది నెలలూ ఆయన కూర్చోలేదు. రోడ్లు, డిపోలు, దళాల కదలిక, ముక్తివాహినికి శిక్షణ. డిసెంబర్ 3న యుద్ధం మొదలై 16న ఢాకాలో ముగిసింది. లొంగినవాళ్ళు 93 వేలు. ఏప్రిల్‌లో వెళ్ళి ఉంటే ఏమయ్యేదో 1962 చూసినవాళ్ళు ఊహించగలరు. మా పెదనాయన ఊహించాడు. 1971లో ఆయన ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. మానెక్‌షా పేరు చెబితే కూర్చున్నవాడు లేచి నిలబడేవాడు, ఇంట్లో కూడా.

రాజ్యాంగం 53వ అధికరణ ప్రకారం మన దేశంలో సర్వసైన్యాధిపత్యం రాష్ట్రపతిది. 1962లో ఆ కుర్చీలో రాధాకృష్ణన్, 1971లో వి.వి. గిరి. ఇద్దరూ తెలుగువాళ్ళే. యుద్ధం నడపడం వాళ్ళ చేతిలో లేదు, ఉండకూడదు కూడా. కానీ 62 తర్వాత రాధాకృష్ణన్ ప్రభుత్వం గుడ్డిగా నమ్మిందనీ అశ్రద్ధ చేసిందనీ బయటికే అన్నారు. అలా అన్నందుకు ఆయన మీద గౌరవం పెరిగింది నాకు.

ఒక్క కాగితం ముక్క గురించి చెప్పి ఆపుతాను. 1944 జూన్ 5న మిత్రపక్షాల సేనాధిపతి ఐసన్‌హోవర్ నార్మండీ మీద దాడికి ఆజ్ఞ ఇచ్చేశాడు. గాలివాన వల్ల అప్పటికే ఒకరోజు వాయిదా వేశాడు. మర్నాడు లక్షన్నర మందికి పైగా ఫ్రాన్స్‌లో దిగాలి. దాడి విఫలమైతే ప్రకటించడానికి ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు. టెన్షన్‌లో తేదీ కూడా తప్పు వేశాడు, జూన్ బదులు జూలై 5 అని. సైనికులు చేయగలిగిందంతా చేశారు, తప్పేదైనా ఉంటే అది నా ఒక్కడిదే అని దాని సారాంశం. అందులో ఒక కొట్టివేత ఉంది. ముందు సేనలు ఉపసంహరించబడ్డాయి అన్నట్టు రాశాడు. దాన్ని కొట్టేసి, సేనలను నేను ఉపసంహరించాను అని మార్చాడు. మన ఆఫీసు కాగితాలన్నీ 'బడినది'తో నడుస్తాయి. నిర్ణయించబడినది, తిరస్కరించబడినది, జాప్యము జరిగినది. ఎవరు చేశారో కనబడదు. ముప్పై ఏళ్ళు ఆఫీసులో పనిచేశాను, 'నేను చేశాను' అని సంతకం పెట్టిన పై అధికారిని వేళ్ళ మీద లెక్కపెట్టగలను. లక్షన్నర ప్రాణాలు చేతిలో ఉన్న మనిషి ఆ పూట కూర్చుని క్రియాపదం దిద్దుకున్నాడు. 1962లో కొండల మీద ఉన్న మా పెదనాయనకు కావాల్సింది అలాంటి ఒక్క వాక్యం. నేనే వెనక్కి రమ్మన్నాను అనే ఒక్క మనిషి.

అది లేకపోబట్టే ఊళ్ళో మాట పడ్డాడు. ఒకసారి గట్టు తగాదాలో ఎవరో, చైనావాడికి వెన్ను చూపించి వచ్చినోడివి నువ్వా నాతో మాట్లాడేది అన్నారట. ఆ తర్వాత ఆయన రచ్చబండ దగ్గరకు పోవడం మానేశాడు. ఇవన్నీ తెలియకుండా నేను వెండి కాగితం కత్తి పట్టుకుని ఆయన ముందు తిక్కననయ్యాను.

పోయిన సంక్రాంతికి ఊరికి వెళ్ళినప్పుడు పెద్దమ్మను అడిగాను, ఆయన 62లో తిరిగి వచ్చిన రోజు గురించి. ఆమెకు చూపు బాగా తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. ఒంగోలులో రైలు దిగి, పొదిలి మీదుగా బస్సులో వచ్చాడట. పెళ్ళయి ఏడాదిన్నర. గడ్డం, చెప్పులు లేవు, కాళ్ళకు గుడ్డలు చుట్టుకుని ఉన్నాడు. గడపలో నిలబడి లోపలికి రాలేదట.

"మరి నువ్వేమన్నావు పెద్దమ్మా?"

"నేనేమంటా నాయనా. బావి కాడ నీళ్ళు కాగబెట్టినా. పెరట్లోనే, ఎప్పుడూ పోసుకునే బండ మీదే. నేనే వీపు రుద్దినా. మూడు కాగుల నీళ్ళు పోసినా గూడా నల్లంగా పోతానే ఉండాయి. అన్నం తిని పొణుకున్నాడు. రెండు దినాలు లెయ్యలా. పక్కింటోళ్ళ కోళ్ళు అరస్తా ఉంటే గూడా తోలొచ్చినా."

"ఏం జరిగిందని అడగలేదా?"

"వచ్చినాడు గదా," అంది. "చలికాలం గదా, దుప్పటి గూడా కప్పినా."